పాట ఎవరెత్తాలి

మా ఇంట్లో సంగీతం తెలియనివాళ్లు లేరు. అదే మా దరిద్రం. ఒక్కరికైనా తెలియకపోయుంటే ఇంట్లో ఒక మూలైనా కాస్త నెమ్మదిగా ఉండేది. మా అమ్మ లెక్కలో గుడిలో పాడేది పాట, మిగతాదంతా గోల. నా కూతురి లెక్కలో గుడిలో పాడేది నిద్రమాత్ర. నా లెక్కలో వాళ్లిద్దరికీ చెవులు ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. ఇది చాలదన్నట్టు ఎదురింట్లో ఉండే కోస్తా ఆయన పిలవకపోయినా వచ్చి, తెలుగు పాటంటే ఏమిటో మాకు నేర్పిపోతుంటాడు. మాది తెలుగూ కన్నడమూ కలిసిపోయిన సరిహద్దు ఊరు; గాంధీనగర్‌లో మా వీధి వీధంతా ఈ గొడవలు వినే ఉంటుంది. మేం గొంతు తగ్గించి మాట్లాడుకున్న రోజు నాకైతే గుర్తు లేదు. మా ఆయన రైల్వే మనిషి, హుబ్బళ్లిలో డ్యూటీ. ఇంటికి వచ్చిన రెండు రోజులూ పేపరు అడ్డం పెట్టుకొని బతికేస్తాడు.

ఈ గొడవల్లో చాలావాటికి తలా తోకా ఉండదు. మొన్న ఈస్టరుకు ముందు వచ్చినదానికి మాత్రం ఉంది. అప్పుడు తేలాల్సింది ఒక్కటే: ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో పాట ఎవరెత్తాలి, మా అమ్మా, నా కూతురా?

పాట ఎత్తడమంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పాలి. కంటోన్మెంట్‌లో ఉన్న మా గుడి పాత మిషన్ గుడి. దొరలు పెట్టిపోయిన ఆర్గన్ ఒకటి అందులో ఇంకా ఉంది, దాని గాలి తిత్తుల్ని ఎలుకలు ఏనాడో కొరికి పారేశాయి. దాన్ని బాగుచేయించాలని కమిటీవాళ్లు ప్రతి ఏడూ కూర్చుంటారు, టీ తాగుతారు, ప్రార్థన చేసి లేచిపోతారు. కాబట్టి మా గుడిలో పాట మనిషి గొంతులో నుంచే మొదలవ్వాలి. ఒకరు మొదటి ముక్కను ఒంటిగా అందుకుంటారు. ఆ మనిషి ఎంత ఎత్తులో అందుకుంటే గుడి మొత్తం అంత ఎత్తులో పాడాలి. మరీ పైన అందుకుంటే మూడో పంక్తికి వచ్చేసరికి అందరి గొంతులూ పట్టేస్తాయి. మరీ కింద అందుకుంటే మగవాళ్లు గురకపెట్టినట్టు ఉంటుంది. దీన్నే మావాళ్లు పాట ఎత్తడం అంటారు.

మా అమ్మమ్మ ఎత్తేది, ఆమె తర్వాత మా అమ్మ. ఆడవాళ్ల వైపు మొదటి బెంచీలో కూర్చొని, పుస్తకం తెరవకుండా, ఎవరివైపూ చూడకుండా ఒకసారి గొంతు సవరించుకుంటుంది. అయ్యగారు, అంటే మా పాస్టరు, పాట నంబరు చెప్పడం పూర్తయ్యీ కాకముందే ఎత్తేస్తుంది. డెబ్బై దాటినా అదే తీరు. పెళ్లైనా చావైనా "అక్క వచ్చిందా?" అని చూసుకొనిగానీ మొదలుపెట్టరు. కమిటీలో ఆమెకు చోటివ్వలేదు, ఇంట్లో మా నాన్న ఉన్నంతకాలం ఆమె మాట చెల్లలేదు. ఆమెకు ఈ లోకంలో దక్కిన పెత్తనం ఇదొక్కటే, దాన్ని ఆమె గట్టిగా పట్టుకొని ఉంది. నాకు ఆమె పాడే పద్ధతి నచ్చకపోయినా ఆ పట్టు మాత్రం నచ్చేది.

కొత్తగా వచ్చిన అయ్యగారు బెంగళూరులో చదువుకున్నాడు. నున్నగా కత్తిరించిన గడ్డం, మాటకు ముందొకసారి 'యూత్', మాటకు తర్వాతొకసారి 'యూత్'. ఆయన వచ్చీ రాగానే గుడిలో మ్యూజిక్ టీమ్ అనేదొకటి పుట్టుకొచ్చింది. ఒక కీబోర్డు, ఒక గిటారు, పట్టుకోవడానికి మైకులు, కళ్లు మూసుకొని ఊగడానికి నలుగురు. ఆ కీబోర్డులో ఒక మీట నొక్కితే బాకాలు ఊదుతుంది, ఇంకో మీట నొక్కితే చప్పట్లు కొడుతుంది. చప్పట్లు కొట్టే దిక్కు కూడా లేనంత గతిలేని సంఘమా మాది? ఆ మాట నేను అయ్యగారి మొహం మీదే అన్నాను. ఆయన నవ్వి, "థాంక్యూ సిస్టర్," అన్నాడు. అలాంటివాళ్లను తిట్టినా దండగే.

నా కూతురు ఆ టీములో ఉంది. ఇరవై నాలుగేళ్లది, ఊళ్లోనే ఒక ప్రైవేటు బ్యాంకులో పని. గొంతు మంచిదే, కాదనను. కానీ తెలుగు చదవడం రాదు. ఒకటో క్లాసు నుంచీ కన్నడమే చదివిన పిల్ల, తెలుగు పాటలు కూడా కన్నడ అక్షరాల్లో రాసుకొని పాడుతుంది. మా ఊళ్లో సగం మంది పిల్లలు అంతే. మా అమ్మ ఆ కాగితాలను రెండు వేళ్లతో పట్టుకొని, చచ్చిన బొద్దింకను తీసినట్టు తీసి పక్కన పెడుతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆ పిల్ల చేతిలో పట్టేంత స్పీకరు ఒకటి తెచ్చి నడింట్లో పెట్టింది. ఒక్కొక్కరూ తమకు అన్నిటికంటే ఇష్టమైన పాట ఒకటి పెట్టాలి, అది అయిపోయేదాకా మిగతావాళ్లు మాట్లాడకూడదు. అదీ రూలు.

"అయ్యేదాకా నోరు మూసుకోని ఉండల్లనా? నాతో గాదు పాపా," అంది మా అమ్మ.

"ఒక్కొక్క పాటే గదా అవ్వా, స్వల్ప అడ్జస్టు చేసుకో."

స్పీకరు వాసన తగిలిందో ఏమో, ఎదురింటాయన సరిగ్గా అప్పుడే చెప్పులు విడుస్తూ వచ్చాడు. వాళ్ల తాత గోదావరి వైపు నుంచి వచ్చి సిరుగుప్ప దగ్గర కాలవ కింద వరి భూములు చేసుకున్నాడు. వాళ్లున్న ఊరిని ఇప్పటికీ క్యాంపు అనే అంటారు. పిల్లల చదువుల కోసం ఈయన మా ఎదురుగా ఇల్లు కట్టాడు. ఈ జిల్లాలోనే పుట్టి, ఈ జిల్లా నీళ్లే తాగి, కన్నడంలో అవునూ కాదూ అనే 'హౌదు', 'ఇల్ల' దాటి ఒక్క ముక్క నేర్చుకోని ఘనుడు. మా తెలుగు వింటే ఆయన మొహంలో జాలి కనబడుతుంది. నాకు అది చూస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇంటికి వచ్చినవాడని మొదటి అవకాశం ఆయనకే ఇచ్చాం. పాత సినిమా యుగళగీతం పెట్టాడు. పడవ, వెన్నెల, వెనక నలభై వయొలిన్లు. సగం పాటకే ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సాహిత్యం చూడండి చెల్లెమ్మ గారూ, సాహిత్యం! ఇప్పుడెవడు రాస్తాడండీ అలాంటి మాట!"

రూలు పెట్టిందే మొదలు మా అమ్మ దాన్ని తుంగలో తొక్కింది. "ఆ మొగోడు పాడతాండాడా, ముక్కు చీదతాండాడా?" అని అడిగింది. ఆయన వినబడనట్టు నటించాడు. నాకు నవ్వొచ్చింది. వెన్నెల్లో పడవెక్కినవాడికి అంతమంది వాద్యగాళ్లు ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు.

తర్వాత వంతు నాది. నాకు ప్రాణం కన్నడ భావగీతాలు. కాలేజీ రోజుల్లో రేడియోలో విన్నవి. వాన, కిటికీ, రావాల్సి ఉండీ రాని మనిషి. తబలా కూడా ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు మోగుతుంది. ఆ పాట వస్తే ఇప్పటికీ పొయ్యి మీద కూర మాడినా కదలను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. తెలుగు క్రైస్తవురాలికి కన్నడ వానపాట ఏమిటని మావాళ్లు అంటారు. ఇష్టం కులమూ మతమూ అడిగి వస్తుందా?

"జొరమొచ్చినోళ్లు మూలిగినట్ల ఉండాది," అంది మా అమ్మ.

"డెంటిస్టు దగ్గర కూచున్నప్పుడు పెడతారే, ఆ పాట గదా ఇది?" అంది నా కూతురు.

కన్న తల్లి, కన్న కూతురు. ఒకరు చాలరని ఇద్దరు. నాకు ఒళ్లు మండి స్పీకరు నేనే ఆపేశాను. ఎదురింటాయన మాత్రం మర్యాదగా, "అర్థం కాలేదు గానీ బావుందండీ," అన్నాడు. ఆ మర్యాద మరీ కంపరంగా ఉంది.

అప్పుడు నా కూతురు తన పాట పెట్టింది. దాన్ని పాట అనొచ్చో లేదో నాకు తెలియదు. సండూరు గనుల వైపు కుర్రాళ్లు ఎవరో చేశారట. మొదట ఇనుప ఖనిజం లారీ హారన్. అదే హారన్ మళ్లీ మళ్లీ. దాని మీద ఒకడు ఊపిరి తీసుకోకుండా తిట్టుకుంటూ పోతాడు. సగం కన్నడం, కాస్త తెలుగు, మధ్యలో బజారు ఉర్దూ. రోడ్డు మీద లారీలు, ఇంట్లో దుమ్ము, కంచంలో దుమ్ము, మామ తలలో దుమ్ము.

"ఇది పాటనా, కొట్లాటనా?" అంది మా అమ్మ.

"ఇందులో తెలుగెక్కడుందమ్మా?" అన్నాడు ఎదురింటాయన.

"ఉంది గదా అంకుల్. 'యాడ జూసినా దుమ్ము' అని."

"యాడ ఏంటమ్మా యాడ! ఎక్కడ అనాలి."

"'ఎక్కడ' అంటే బీటులో కూచోదు అంకుల్."

ఆయన నావైపు చూశాడు, ఇదంతా నా పెంపకమే అన్నట్టు. నేను ఆ పిల్లను వెనకేసుకు రాలేదు. చెవిలో రాళ్లు పోసినట్టుందని చెప్పాను. అయితే ఒక సంగతి. నా ఉద్యోగం సండూరులో, ఒక సర్కారు ఆఫీసులో. రోజూ బస్సులో పోయిరావాలి. ఆ మరునాడు పొద్దున బస్సులో ఎవడో ఇదే గోలను ఫోనులో గట్టిగా పెట్టాడు. కిటికీ పక్కన లారీలు వరసగా పోతున్నాయి, నా చీర అంచు అప్పటికే దుమ్ముకు ఎర్రబడింది. 'మామ తలలో దుమ్ము' దగ్గరికి వచ్చేసరికి కండక్టరు టోపీ తీసి తన బట్టతల తడుముకున్నాడు, బస్సంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వాక ఆ కుర్రాళ్ల మీద కోపం ఇంకాస్త పెరిగింది, ఎందుకంటే వాళ్లు చెప్పింది నిజం. ఇంటికి వచ్చి ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఆ పిల్లను పట్టలేం.

ఆదివారం నాటి సంగతి పూర్తి చేస్తాను. చివరికి మా అమ్మ వంతు వచ్చింది. "నా పాట నీ డబ్బాలో ఉండదు," అని, కుర్చీలో కూర్చున్నచోటే గొంతు సవరించుకొని ఎత్తింది. మా గుడి పాటలు ఇంగ్లీషు రాగాల మీద తెలుగు మాటలు పరిచి కుట్టినవి. ఎక్కడ మాట తెగుతుందో, ఎక్కడ రాగం తెగుతుందో వాటికే తెలియదు. పైగా మా అమ్మ సాగదీస్తుంది. ఆమె ఒక పంక్తి మొదలుపెట్టినప్పుడు కుక్కరు పెడితే పంక్తి ముగిసేసరికి విజిలొస్తుంది. ఈ మాట నేను ఆమెతో చాలాసార్లు అన్నాను. అయినా ఆమె పాడినంతసేపూ ఎవరూ నోరు తెరవలేదు. ఎదురింటాయన కూడా మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని విన్నాడు.

ఈస్టరు దగ్గరపడుతుండగా మ్యూజిక్ టీమ్ మా ఇంటి మేడ మీద ప్రాక్టీసు పెట్టింది. సమాధుల తోటలో పాడడానికి వాళ్లే కట్టుకున్న కొత్త పాట. సగం తెలుగు, సగం కన్నడం, తిరిగి తిరిగి వచ్చే ముక్క మాత్రం కన్నడం: "ఎద్దు బందా, ఎద్దు బందా." కన్నడంలో 'ఎద్దు' అంటే లేచి. 'ఎద్దు బందా' అంటే లేచి వచ్చాడు. ఈస్టరుకు తగిన మాటే. మన ఎద్దును కన్నడంవాళ్లు 'ఎత్తు' అంటారు. అంటే మేం పాట ఎత్తమంటే వాళ్లకు నవ్వులాట, వాళ్లు ఎద్దు బందా అంటే మనకు నవ్వులాట. అయినా ఈ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ ఇక్కడ తడబడరు. ఏ మాట పక్కన ఏ మాట ఉందో చూసుకొని చెవి తనంతట తానే సర్దుకుంటుంది.

క్యాంపు చెవి సర్దుకోలేదు. సాయంత్రం ఎదురింటాయన హడావుడిగా గేటు తీసుకొని వచ్చాడు, చేతిలో ఒక కర్ర కూడా ఉంది.

"చెల్లెమ్మ గారూ, ఎవరిదండీ ఎద్దు? ఇందాకట్నుంచీ పిల్లలు మేడెక్కి ఎద్దు ఎద్దని అరుస్తున్నారు. మా మొక్కల్లోకి గాని వచ్చిందా?"

నేను నవ్వలేక మెట్ల మీద కూర్చుండిపోయాను. ఈ నేల మీద పుట్టి ఇన్నేళ్లకు కర్ర పుచ్చుకొని ఎద్దును వెతుక్కుంటూ వచ్చాడు మహానుభావుడు. కానీ వెనక్కి తిరిగి చూస్తే మా అమ్మ నవ్వడం లేదు. ఆమె మొహం వెలిగిపోతోంది. బజారులో నాకంటే గట్టిగా కన్నడంలో బేరమాడే మనిషి, ఆ మాటకు అర్థం తెలియక కాదు. దేవుడే కర్ర ఇచ్చి ఆయన్ను పంపించినట్టు అనిపించి ఉంటుంది ఆమెకు.

ఆ వచ్చిన ఆదివారం ఆరాధన అయిన వెంటనే గుడి మెట్ల మీద అయ్యగారిని నిలబెట్టేసింది.

"అయ్యగారూ, సమాధుల తోటలో ఎద్దు పాట పాడేటట్లుంటే నేను రాను. నేను రాకుంటే మా బెంచీలోళ్లు ఎవురూ రారు."

"అమ్మగారూ, అది కన్నడ మాటండీ. 'లేచి' అని..."

"నాకు కన్నడం నేర్పియ్యాకు నాయనా. మా ఎదురింటాయన ఎద్దు తప్పిచ్చుకోనొచ్చిందని కట్టె పట్టుకోని వచ్చె. సమాధుల కాడికి ఎంతమంది బయటోళ్లు వస్తారు, వాళ్లంతా కట్టెలు పట్టుకోని రావల్లనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి. గడ్డం ఎంత నున్నగా కత్తిరించుకున్నా చెవులు దాచుకోలేడు కదా. ఒక రాజీ చెప్పాడు. కొత్త పాట వద్దు, పాత ఈస్టరు పాటే పాడదాం. కానీ ఈసారి ఎత్తేది మీ మనవరాలు. ఒక తరం ఇంకో తరానికి అందించడం ఎంత అందమైన సాక్ష్యం కదమ్మా, అన్నాడు. అందరూ వింటుండగా అన్నాడు. అంతమంది ముందు ఏ ముసలావిడ తన మనవరాలికి ఇవ్వనంటుంది? చదువుకున్నవాడి దెబ్బ అది. నవ్వుతూనే లాక్కున్నాడు.

మా అమ్మ పాటల పుస్తకాన్ని చంకలోకి జరుపుకుంది. నా కూతురు నేల చూస్తోంది. ఆ పిల్ల దీన్ని అడగలేదు, అది నాకు తెలుసు.

"ఎత్తనీ," అంది మా అమ్మ చివరికి. "అయితే నా ఎత్తులోనే ఎత్తల్ల. పుస్తకంలో ఏం కీ ఉండాదో అదే నా ఎత్తు, మా అమ్మ ఎత్తూ అదే. ఇంతవరకూ నూలుపోగంత దిగలా. ఈ ఒక్కసారే. దిగిందంటే మళ్ల ఆ టీమూ గీమూ నా బెంచీ దిక్కుకి రాగూడదు."

అయ్యగారు సరేనన్నాడు. నాకు ఆయన్ను చూస్తే చెప్పు తీసుకోవాలనిపించింది.

ఆ పిల్లకు భయం పట్టుకుంది. పాటల పుస్తకంలో పైన అచ్చువేసిన కీ, అంటే శ్రుతి, చూసి కీబోర్డు మీద ఆ స్వరం వెతుక్కుంది. అవ్వ ఎత్తే తీరు వంటబట్టించుకోవాలని, మా అమ్మ పెరట్లో గోంగూర తుంచుతూ అదే పాట పాడుకుంటుంటే పక్కన ఫోను పెట్టి కూర్చుంది. ఎవరు ఏ స్వరంలో పాడుతున్నారో చూపించే యాప్ ఒకటి ఉందట. కాసేపటికి వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకొని లోపలి గదిలోకి లాక్కుపోయింది.

"అమ్మా, ఇది చూడు." కీబోర్డు మీద ఒక మీట నొక్కింది. "పుస్తకంలో ఉండేది ఇది." తర్వాత వేలు ఎడమవైపుకు జరుపుకుంటూ, జరుపుకుంటూ పోయి ఇంకోటి నొక్కింది. "అవ్వ పాడేది ఇది."

నాకు ఆ రెంటి మధ్య దూరం వినడానికి యాప్ అక్కర్లేదు. "ఫోను చెడిపోయిందేమో," అన్నాను.

"మూడుసార్లు చూసినా. ఒకేసారి దిగిండదమ్మా. ఏటేటా కొంచెం కొంచెం దిగుంటాది. అవ్వతోపాటు గుడంతా దిగింది. అందరూ ఒకటేసారి దిగితే ఎవురికి తెలుస్తాది?"

మా గుడి మగవాళ్లు గురక పెడుతున్నారని నేను ఏళ్ల తరబడి ఎగతాళి చేస్తున్నాను. కారణం పెరట్లో గోంగూర తుంచుతోంది.

"ఇప్పుడు నేను ఏ ఎత్తులో ఎత్తల్ల?" అంది పిల్ల. "అవ్వ ఉండే ఎత్తులోనా, అవ్వ ఉండాననుకునే ఎత్తులోనా?"

"ఆమెకే చెప్పెయ్యి."

"నువ్వు చెప్పు."

నేను చెప్పలేదు. మా అమ్మను నేను సాగదీస్తావని అన్నాను, మొండిదానివన్నాను, నీకు చెవుల్లేవన్నాను. ఇది మాత్రం నా నోట రాలేదు. ఈ మాట అంటే ఆమెకు ఇంకేమీ మిగలదని నాకు భయం వేసింది.

ఆ పిల్ల నాకంటే ముందే లెక్క వేసుకుంది. "పుస్తకంలో ఉన్నట్లు ఎత్తితే మూడో పంక్తి కాడ అవ్వ గొంతు పగులుతాదమ్మా. అందరి ముందర. టీమోళ్ల ముందర. వద్దు." లారీ హారన్ల మీద తిట్లు వినే పిల్ల ఇంత మెత్తగా ఆలోచిస్తుందని నేను అనుకోలేదు.

ఈస్టరు నాడు ఇంకా చీకటి ఉండగానే కంటోన్మెంట్ సమాధుల తోటకు చేరాం. తెల్లచీరల ఆడవాళ్లు, చేతుల్లో కొవ్వొత్తులు, దొరల సమాధుల మధ్య మావాళ్ల సమాధులు. అయ్యగారు బ్యాటరీ మీద కీబోర్డు పెట్టించాడు, కానీ దాన్ని ఒక్క స్వరం ఇచ్చి ఊరుకోమని నా కూతురు ముందే కట్టడి చేసింది. తూర్పున కాస్త తెల్లబడగానే ఆయన పాట నంబరు చెప్పాడు. నా పక్కన మా అమ్మ అలవాటుగా గొంతు సవరించుకొని, గుర్తొచ్చి ఆగింది.

నా కూతురు ఎత్తింది. కన్నడ అక్షరాల కాగితం చేతిలో ఉంది గానీ చూడలేదు. అవ్వ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడే తీసుకుంది, ఎక్కడ సాగదీస్తుందో అక్కడే సాగదీసింది. రెండో ముక్కకల్లా సంఘమంతా అందుకుంది. ఒక్క గొంతు కూడా తడుముకోలేదు. నాకు గర్వంగా అనిపించింది. మా అమ్మ మాత్రం పాట అందుకోకుండా పెదవులు బిగించుకొని చివరిదాకా అలాగే నిలబడింది.

ఆశీర్వాదం అయ్యాక గోడ పక్కన కాఫీ, బన్ను ఇచ్చారు. మా అమ్మ కప్పు అందుకొని నేరుగా మనవరాలి దగ్గరికి పోయింది.

"నా మాదిరి ఎత్తమంటే, గొంతు పోయిన ముసల్దాని మాదిరి ఎత్తినావేమే? దేవుడు లేచిన పొద్దు పాడే పాటా అది? సావింటికాడ పాడినట్ల! పాతాళంలో నుంచి ఎత్తినావు కదే!"

టీము పిల్లలు నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. నా కూతురు తల వంచుకొని, "తప్పైంది అవ్వా," అంది. నేను నోరు తెరవబోయాను. పిల్ల నా మణికట్టు గట్టిగా నొక్కింది. మా అమ్మ చుట్టూ చూసింది, గెలిచిన మనిషి చూపు అది.

అప్పుడే మగవాళ్ల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మా అమ్మ ఈడువాడే, మొదటినుంచీ మా గుడిలో కింది గొంతు పాడేవాడు. ఈ మాటలేవీ ఆయన వినలేదు. చేతిలో బన్ను, మొహం నిండా సంతోషం.

"అక్కా, పిల్ల అచ్చం నీ మాదిరే ఎత్తె! కండ్లు మూసుకుంటే నువ్వే అనుకుంటి."

"ఏమప్పా, ఎట్లెత్తింది?"

"నీ మాదిరే అక్కా. అదే ఎత్తు. నువ్వు ఎప్పుడూ ఎత్తేది ఈడనే గదా, మాకు సుకంగా ఉంటాది."

పక్కనున్న ఆడవాళ్లు కూడా, అవునక్కా, మాకూ అట్లే అనిపించె, నీ గొంతే దిగింది పిల్లకు, అన్నారు. వాళ్లు మెచ్చుకుంటున్నారు. ఒక్కొక్కరి నోరూ నొక్కేయాలనిపించింది నాకు.

"ఎప్పుడూనా?" అంది మా అమ్మ.

"ఎప్పుడూ అక్కా," అన్నాడాయన, బన్ను నములుతూ.

మా అమ్మ మనవరాలి వైపు తిరిగింది. "నీకు తెలుసునా?" పిల్ల తలూపింది, కళ్లలో నీళ్లు. మా అమ్మ నావైపు చూసింది. నేనూ తలూపాను. ఆమె కాఫీ తాగకుండానే కప్పును గోడ మీద పెట్టి, కొంగు భుజం చుట్టూ కప్పుకొని గేటు వైపు నడిచింది. మేమిద్దరం వెనకే పోయాం. పట్టుకుందామని పిల్ల చెయ్యి చాపితే విదిలించుకుంది. గేటు దాకా వెళ్లి, కమ్మీ పట్టుకొని ఆగింది.

"వచ్చే ఆదివారమూ నువ్వే ఎత్తు," అంది, మా వైపు తిరగకుండా. "పుస్తకంలో ఉండే ఎత్తులో ఎత్తు. ఆ ముసల్దాని కోసం చూడాకు. అందకుంటే అది నోరు మూసుకోని కూచుంటాది."